ఇరవై నిమిషాల నీళ్ళు

వనజాక్షి ఇంటికి ఎవరైనా వచ్చి మంచినీళ్ళు అడిగితే, ఆమె ముందుగా ఒక ప్రశ్న వేసేది.

"ఎంత తాగుతావు?"

ఎండన పడి వచ్చిన మనిషి బిత్తరపోయి గ్లాసుడనో, చెంబుడనో చెబితే సరిగ్గా అంతే తెచ్చి ఇచ్చేది. తాగగా అడుగున గుటకెడు మిగిలిందా, ఆ మనిషి పని అయిపోయినట్టే. "అరగ్లాసు చాలని ముందే చెప్పొచ్చు గదప్పా" అంటూ ఆ గుటకను వాకిట్లోని చామంతి మొదట్లో వంచి, గ్లాసును వెలుతురుకు పట్టి చూసుకుని లోపలికి పోయేది.

అట్లాగని ఆమె పిసినారి కాదు. సంగటి ముద్ద వద్దన్నా ఇంకొకటి వేసేది. ఊరిబిండి పచ్చడి గిన్నెడు పెట్టి, పైన నూనె పోసి, తినకపోతే అలిగేది. చీర అడిగితే చీర ఇచ్చేది. ఒక్క నీళ్ళ దగ్గరే ఆమె చేయి బిగుసుకుపోయేది.

కుందుర్పి దిక్కున ఒక చిన్న పల్లె ఆమె పుట్టినిల్లు. అక్కడ ఏడో తరగతి అయ్యాక పైచదువుకు బడి ఒక దిక్కున రెండు మైళ్ళు, ఎండాకాలంలో నీళ్ళుండే బావి ఇంకో దిక్కున రెండు మైళ్ళు. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుంటే బావి గెలిచింది. పందొమ్మిదో ఏట బత్తలపల్లెకు అవతలి ఊరికి చెన్నప్ప భార్యగా వచ్చేదాకా ఆమె నెత్తి మీద బిందె దిగలేదు. పెళ్ళయిన కొత్తలో చెన్నప్ప స్నానానికి కూర్చుని రెండో చెంబు అడిగితే, కొత్తపెళ్ళికూతురు తలుపు చాటు నుంచి, "మొదటి చెంబు ఏం చేసినావు?" అని అడిగిందట. ముప్పై ఏడేళ్ళు గడిచినా చెన్నప్ప మళ్ళీ రెండో చెంబు అడగలేదు.

ఆమె ఇంట్లో నీళ్ళు ఒక పనితో బతికి బయటపడేవి కావు. కూరగాయలు కడిగిన నీళ్ళతో బోకులు తోమేది. ఆ నీళ్ళు తేర్చి బండ కడిగేది. బండ కడిగిన నీళ్ళు మొక్కకు పోయేవి. ఆ వీధి కొళాయికి నాలుగు రోజులకు ఒకసారి నీళ్ళు వస్తాయి. వచ్చిన రోజు పట్టిన నీళ్ళను నీలం రంగు డ్రమ్ములో నింపి, మూత పెట్టి, మూత మీద రోటి బండ పెట్టేది. ఆ బండ ఎత్తే హక్కు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉండేది.

ఎదురింటి మస్తానాబీ పద్ధతి వేరు. ఆమె నీళ్ళు వాడుతుంటే పెళ్ళింటి సందడి. నీళ్ళు ఉన్నంతసేపు చల్లుతుంది, అయిపోతే నవ్వుతూ ఇంటింటికీ బిందె పట్టుకుని తిరుగుతుంది. భర్త జమాల్ సాబ్ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. పెళ్ళిళ్ళ కాలమంతా ఊళ్ళ మీదే ఉంటాడు. కూతురు ఫరీన్ అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో మస్తానాబీకి తోడు మోతీ అనే మేక ఒక్కటే. ఆ మేకతోనే వచ్చింది తగువంతా.

వనజాక్షి వాకిట్లో ఒక కరివేపాకు చెట్టు ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగని చెట్టు. మూడేళ్ళకు నడుమెత్తు పెరిగింది. ఒకరోజు ఆమె రేషనుకు పోయి వచ్చేలోగా ఆ చెట్టు మొండిగా, ఈకలు పీకిన కోడిలా నిలబడి ఉంది. పక్కన మేక పెంటికలు ఉన్నాయి. వనజాక్షి ఎదురింటి మీదికి పోయింది. "మా మోతీ కరివేపాకు ముట్టదు, దానికి ఆ వాసనే పడదు" అంది మస్తానాబీ. మాటా మాటా పెరిగి, ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

ఆగిపోయాయంటే పూర్తిగా ఆగలేదు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు మేకకు చెప్పేవాళ్ళు.

"ఏమే మోతీ, పొద్దున్నే ఆ పక్క చూడొద్దే, పాలు ఇరిగిపోతాయి" అనేది మస్తానాబీ.

"నీ తప్పేముండాదిలే మేకా, నీకు బుద్ది చెప్పేటోల్లకే లేకపాయె" అనేది వనజాక్షి తన వసారాలో నుంచి.

మోతీ ఇద్దరి మాటలూ విని, నమలడం మానకుండా తల ఊపేది. ఇట్లా రెండేళ్ళు గడిచాయి.

మొన్న మే నెలలో ఒక గురువారం. కొళాయి మంగళవారం వచ్చింది కాబట్టి మళ్ళీ శనివారం దాకా రాదు. చెన్నప్ప వేరుశనగ విత్తనకాయల కోసం వరసలో నిలబడడానికి పొద్దున్నే పోయాడు. వనజాక్షి వసారాలో కూర్చుని చేటలో కందులు ఏరుతోంది.

ఎదురింట్లో మస్తానాబీ హడావిడిగా ఉంది. ఆమె అన్న కలీముల్లా ఆరేళ్ళ తర్వాత బెంగుళూరు నుంచి భార్యతో సహా రేపు వస్తున్నాడు. వదినగారి ఇంట్లో బాత్రూము పాలరాయిలాగా మెరుస్తుందని విని ఉంది. తన పెరట్లోని బాత్రూమును కూడా ఆ స్థాయికి తేవాలని పట్టుబట్టింది. టీవీయస్ బండి మీద ఊళ్ళు తిరిగి యాసిడ్, ఫినాయిలు అమ్మే మనిషి దగ్గర కొన్న సీసా ఒకటి ఇంట్లో ఉంది. పాత కూల్‌డ్రింకు సీసా, పేరు లేదు, ఊరు లేదు. పంచాయతీ వాళ్ళు ఇచ్చిన బ్లీచింగు పొడి పొట్లం కూడా ఉంది. యాసిడ్ పోస్తే తెల్లగా అవుతుంది, బ్లీచింగు వేసినా తెల్లగా అవుతుంది, రెండూ కలిపితే ఇక చెప్పే పనే లేదు అనుకుంది మస్తానాబీ.

ఫోను బయట బట్టలుతికే బండ మీద పెట్టి, స్పీకరు తెరిచి, కూతురితో రేపటి బిర్యానీ సంగతి మాట్లాడుతూ, పొడి ఉన్న మగ్గులో యాసిడ్ వంచింది. సీసా గడప బయట పెట్టి, మగ్గు పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. మగ్గు బుస్సుమంది. పచ్చటి పొగ మొహం మీదికి లేచింది. చిట్లిన చుక్కలు కుడి కంట్లో పడ్డాయి.

మొదటి కేక వినగానే వనజాక్షి అది మేక మీద అరుపు అనుకుంది. రెండో కేక దగ్గుతో కలిసి, "వనజక్కా!" అని వచ్చింది. చేట యాడ పడిందో చూసుకోలేదు. రెండేళ్ళుగా దాటని గేటు దాటి పెరట్లోకి పరిగెత్తింది.

మస్తానాబీ బాత్రూము గడప బయట మోకాళ్ళ మీద కూలబడి, కొంగుతో కన్ను నులుముకుంటూ దగ్గుతోంది. వెనక తలుపులో నుంచి ముక్కు పుటాలు కోసేసే వాసనతో పొగ వస్తోంది. బండ మీద ఫోను ఒక్కటే అరుస్తోంది. "అమ్మీ! ఏమైంది? అమ్మీ!"

వనజాక్షి ఫోను అందుకుంది. "ఫరీనా, నేను వనజత్తను. మీ అమ్మ కంట్లో యాసిడ్ పడినట్లుండాది. బాత్రూములో పొగ వస్తాండాది."

అవతలి నుంచి వచ్చిన గొంతు ఆ వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్లది కాదు, రోజుకు యాభై మంది రోగులను కదలకుండా పడుకోబెట్టే నర్సుది.

"అత్తా, ముందు అమ్మీని ఆడినుంచి దూరంగా, గాలి వచ్చే తావుకు తీసకపో. బాత్రూములోకి నువ్వు గానీ ఇంకొకరు గానీ పోవద్దు. తలుపు మూయొద్దు, అట్లే వదిలెయ్. కన్ను రుద్దనీయొద్దు."

వనజాక్షి మస్తానాబీ చంకలో చేయి వేసి, వీధి దాటించి, తన వసారా మెట్టు మీద కూర్చోబెట్టి, ఫోను పక్కన పెట్టింది.

"తెచ్చినా. ఇప్పుడేం చేయాల?"

"నీళ్ళు పోయాలత్తా. కంట్లో ధారగా పోయాల."

"ఎన్ని?"

"ఇరవై నిమిషాలు."

"అది గాదమ్మే, ఎన్ని చెంబులు?"

"చెంబుల మాట వద్దత్తా. ఇరవై నిమిషాలు ఆపకుండా. టైము నేను చూస్తా, నువ్వు పోస్తానే ఉండు. 108కు పక్కన ఫోనులో మావాల్లు చేస్తాండారు."

వనజాక్షి మెట్టు పక్కనే ఉన్న డ్రమ్ము వైపు చూసింది. సగానికి కొంచెం పైగా ఉన్నాయి నీళ్ళు. శనివారం దాకా ఇద్దరు మనుషులకు వంటా, స్నానమూ, బోకులూ అన్నీ వాటితోనే. ఆమె యాభై ఆరేళ్ళ బతుకులో ఏ పనికీ నీళ్ళు ఇరవై నిమిషాలు ఆపకుండా పోసింది లేదు. పెళ్ళినాటి మంగళస్నానమే ఐదు నిమిషాల్లో ముగిసింది. మెట్టు మీద మస్తానాబీ, "కాల్తాండాదక్కా, కన్ను పోతాండాది" అని ఏడుస్తోంది.

వనజాక్షి రోటి బండ ఎత్తి అవతల పడేసింది.

"తల కుడి పక్కకు వంచల్లత్తా" అంది ఫరీన్. "మండే కన్ను కిందికి రావాల. ముక్కు పక్క నుంచి చెవి పక్కకు పారేటట్లు పొయ్యి. లేకుంటే ఆ నీళ్ళు బాగుండే కంట్లోకి పోతాయి. రెండు వేళ్ళతో రెప్పలు తెరిచి పట్టుకో. ఎత్తు నుంచి కొట్టొద్దు, నిదానంగా పొయ్యి."

వనజాక్షి ఒక చేత్తో రెప్ప తెరవబోతే మస్తానాబీ ఇంకా గట్టిగా మూసుకుంది.

"కన్ను తెరువ్మే."

"తెరవలేనక్కా!"

"రెండేండ్ల నుంచి నన్ను చూసి గుడ్లు మిటకరిస్తాంటివి గదా, ఇప్పుడేమొచ్చె? తెరువు!"

కన్ను తెరుచుకుంది. నీళ్ళు పడ్డాయి. మస్తానాబీ గిలగిలలాడింది. వనజాక్షి మోచేత్తో ఆమె తలను తన ఒళ్ళోకి అదుముకుని రెండో చెంబు ముంచింది, మూడోది ముంచింది.

"అత్తా, ధార సన్నగా ఉన్నట్లుండాదే? శబ్దం రాలేదు" అంది ఫోను.

"పోస్తాండా గదమ్మా."

"చామంతికి పోసినట్లు పోస్తాండావు. ఇంకా పొయ్యి."

ధార లావయింది. ఇంతలో ఫరీన్ మళ్ళీ, "నీళ్ళు దేంట్లోనో పడుతున్న సప్పుడు వస్తాండాది. కింద బోకి పెట్టినావా?" అంది.

వనజాక్షి కిందికి చూసుకుంది. నిజమే. చేతులు కన్ను కడుగుతుంటే, ఎడమ కాలు తన అలవాటు కొద్దీ గోడవారనున్న బేసినును జరిపి ధార కింద పెట్టింది. ఆమెకే తెలియదు.

"ఊరికే పోతాయి గదా, మొక్కకన్నా..."

"దాంట్లో యాసిడ్ ఉండాదత్తా! మొక్క సస్తాది. తీసెయ్."

కాలు సిగ్గుపడి బేసినును వెనక్కి తన్నింది. నీళ్ళు మెట్టు మీది నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి వీధిలోకి పారాయి. ఆ ఇంటి ముందు నీళ్ళు పారడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. పక్కింటి ఎర్రప్ప ఆ వింత చూసే బయటికి వచ్చాడు.

ఎర్రప్ప డెబ్బై ఏళ్ళవాడు, ఒంటివాడు. ప్రతి జబ్బుకూ అతని దగ్గర మూడు మందులుంటాయి. సంగతి వినగానే, "యాసిడ్‌కు సున్నపు తేట విరుగుడు. ఉండు, తెస్తా" అన్నాడు.

"వద్దు తాతా!" అని ఫోను అరిచింది. "దానికి ఇది, దీనికి అది అని ఏదీ పోయొద్దు. రెండూ కలిస్తే ఇంకా కాల్తాది. ఉత్త నీళ్ళే."

"పోనీ ఒక చుక్క ఆముదం?"

"వద్దు."

"చనుబాలన్నా?"

"మామా, ఈ వీధిలో పాలిచ్చేది ఆ మోతీ ఒక్కటే" అంది వనజాక్షి తల ఎత్తకుండా. "నువ్వు గమ్మున రోడ్డు మీదికి పోయి నిలబడు. 108 వస్తే ఈ సందు చూపించు."

ఎర్రప్ప కదలబోతుంటే ఫరీన్ ఇంకో మాట అడిగింది. "బట్టల మీద పడిందా అత్తా?" చూస్తే కొంగుకు అప్పుడే చిల్లులు పడుతున్నాయి. ఆ చీర తీసేయమంది ఫరీన్. ఎర్రప్ప రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వనజాక్షి దండెం మీది తన చీర లాగి మస్తానాబీకి చుట్టి, చుక్కలు పడిన చేతి మీద కూడా నీళ్ళు గుమ్మరించి, మళ్ళీ కంట్లో ధార పట్టింది. అంతా ఒంటిచేత్తోనే. రెండో చేయి కంటి దగ్గర నుంచి కదలలేదు.

"ఆరు నిమిషాలు" అంది ఫోను. "అమ్మీని మాట్లాడిస్తా ఉండత్తా. ఊపిరి ఎట్లుండాదో నాకు వినిపించాల."

ఏం మాట్లాడాలి? రెండేళ్ళుగా ఇద్దరి మధ్యా ఉన్న విషయం ఒక్కటే.

"మా కరివేపాకు తినింది మీ మేకే" అంది వనజాక్షి చెంబు వంచుతూ.

"కాదు" అంది మస్తానాబీ దగ్గుతూ.

"పెంటికలు ఎవురివి?"

"ఊర్లో మోతీ ఒక్కటే మేకనా?"

"గేటు తీసుండేది మీ ఇల్లొక్కటే."

"గాలికి తీసుకొనింటాది. హాయ్ అల్లా, మెల్లగా పొయ్యక్కా!"

"ఊపిరి బాగానే ఆడుతాండాది. కానీయండి" అంది ఫరీన్.

డ్రమ్ములో నీళ్ళు అడుగుకు పోతున్నాయి. వనజాక్షి భుజం లాగుతోంది. చూపు డ్రమ్ము మీదికి పోకుండా ఉండాలని ఆమె మస్తానాబీ కంటినే చూస్తోంది. నెత్తురు జీరతో ఎర్రగా, భయంతో గిరగిరా తిరుగుతున్న కన్ను అది. ఈ కన్ను పోతే? జమాల్ సాబ్ నెలలో ఇరవై రోజులు ఇంట ఉండడు. ఈ పిచ్చిది ఒక్కతే తడుముకుంటూ మేకను వెతుక్కుంటుందా? ఆ తలపు వచ్చాక చెంబు ఇంకా నిండుగా మునిగింది.

పదకొండో నిమిషంలో మస్తానాబీ ఉన్నట్టుండి, "మోతీనే తినింది" అంది.

"ఏమంటివి?"

"మోతీనే. నేను చూసినా. అదిలించేలోపల అయిపోయింది. నువ్వు అంత గట్టిగా అరిచినాక ఎట్లా చెప్పేది? కన్ను పోయే ముందన్నా చెప్తామని."

"కన్ను యాడికీ పోదు. తల తిప్పొద్దు" అంది వనజాక్షి. ఆమెకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెంబు మాత్రం ఆగలేదు.

పదమూడో నిమిషంలో చెంబు అడుగుకు తగిలి గరగరమంది. డ్రమ్ము ఖాళీ.

"మామా!" అని కేక పెట్టింది వనజాక్షి. "నీ ఫిల్టరు నీళ్ళ క్యాను తీసకరా!"

సందు మొదట్లో ఉన్న ఎర్రప్ప తటపటాయించాడు. "అవి తాగే నీళ్ళు గదమ్మా. ఇప్పుడే తెచ్చిండా."

"ఒక్కనివి ఎంత తాగుతావు నువ్వు? తేప్పా!"

క్యాను వచ్చింది. ఇరవై లీటర్లూ ఐదు నిమిషాలకు సరిపోయాయి. ఇంకా రెండు నిమిషాలుందని ఫోను చెబితే, వనజాక్షి క్యానులోని చివరి చెంబు ఎర్రప్ప చేతికిచ్చి, లోపలికి పోయి, వంటింట్లో తడిగుడ్డ చుట్టి పెట్టిన తాగే నీళ్ళ కుండను ఎత్తుకొచ్చింది. ఇంట్లో ఉన్న ఆఖరి నీళ్ళు అవి. చల్లటి నీళ్ళు కంట్లో పడగానే మస్తానాబీ మొదటిసారి, "హాయిగా ఉందక్కా" అంది.

"ఇరవై" అంది ఫరీన్. అని, ఆ వెంటనే భోరుమని ఏడ్చింది. అప్పటిదాకా ఉన్న నర్సు ఎటు పోయిందో, అమ్మీ అమ్మీ అంటూ తొక్కుడుబిళ్ళ పిల్లే ఏడుస్తోంది.

"నువ్వెందుకు ఏడుస్తావే, కన్ను నాది" అంది మస్తానాబీ.

కుండ అడుగు నీళ్ళు కూడా కంట్లో పోస్తూ ఉండగానే 108 వచ్చింది. ఫరీన్ చెప్పినట్టు గడప బయట ఉన్న సీసానూ, బండ దగ్గరి బ్లీచింగు పొట్లాన్నీ వేరువేరు సంచుల్లో వేసి మూతులు కట్టి, వనజాక్షి కూడా చెప్పుల్లేకుండా బండి ఎక్కింది. లోపల ఉన్న అబ్బాయి మస్తానాబీ ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, సెలైను సీసా తీసి మళ్ళీ కంట్లో ధార మొదలుపెట్టాడు.

"ఇంకానా!" అంది వనజాక్షి, గుండె మీద చేయి వేసుకుని.

సాయంత్రం చెన్నప్ప ఇంటికి వచ్చి డ్రమ్ములో తల పెట్టి చూశాడు. వంటింట్లోకి పోయి కుండ చూశాడు. దొంగలు పడి నీళ్ళు ఎత్తుకుపోయారని నిశ్చయానికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దు గూకే వేళకు భార్య ఆసుపత్రి నుంచి వచ్చింది.

"నీళ్ళన్నీ యాడపాయె?" అన్నాడు.

"మస్తానాబీ కంట్లో పోసినా."

చెన్నప్ప తల పట్టుకున్నాడు. "మళ్ళా కొట్లాడి ఏడిపించినావా? ఈసారి ఏం తినింది మేక?"

ఊపిరితిత్తులకు ఏమీ కాలేదని రెండు రోజులు చూసి ఆసుపత్రి వాళ్ళు మస్తానాబీని ఇంటికి పంపారు. కంట్లో మందు రోజుకు ఆరుసార్లు వేయాలి. ఫరీన్‌కు అనంతపురంలో డ్యూటీ తప్పదు. జమాల్ సాబ్ పెళ్ళి బాజాలు మధ్యలో వదిలేసి వచ్చాడు గానీ, క్లారినెట్ మీద తడబడని ఆ వేళ్ళకు భార్య కంటిరెప్ప తెరిచి పట్టడం చేతకాలేదు. మందంతా చెంప మీదే పడేది. ఆ పని కూడా వనజాక్షికే వచ్చింది. కలీముల్లా దంపతులు వచ్చారు, బాత్రూము సంగతి ఎవరూ ఎత్తలేదు, బిర్యానీ మాత్రం వనజాక్షి ఇంట్లో పొయ్యి మీద ఉడికింది.

వారం తర్వాత కన్ను చూపించడానికి ఇద్దరూ బస్సులో అనంతపురం పోయారు. ఫరీన్ వాళ్ళను కంటి డాక్టరు ప్రశాంతి దగ్గరికి తీసుకుపోయింది. ఆమె దీపం పెట్టి తిప్పి తిప్పి చూసి, "పైపొర కాస్త కాలింది, మానిపోయింది. కడగడం ఒక ఐదు నిమిషాలకే ఆపి ఉంటే ఈ మాట చెప్పేదాన్ని కాదు. ఎవరు కడిగింది?" అని అడిగింది.

"నేనే" అంది వనజాక్షి, ఇంకా ఎన్ని చెంబులో చెప్పబోయి ఆగింది.

గోడ మీద ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ళ గుర్తులున్న పటం పెట్టి, కాళ్ళు ఎటు ఉన్నాయో చేయి చూపమంది డాక్టరు. మస్తానాబీ ఎడమ కన్ను మూసుకుని, కడిగిన కంటితోనే పై నుంచి కింది దాకా టకటకా చూపించింది. వెనక కూర్చున్న వనజాక్షికి అది నచ్చలేదు.

"తప్పు చెప్తాండావు. అది పైకి గాదు, పక్కకు" అంది.

"పైకే" అంది డాక్టరు.

"దాని కిందిది?" అని మస్తానాబీని అడిగింది.

"కిందికి" అంది మస్తానాబీ.

"ఆడ ఇంకో వరస యాడుండాది?" అంది వనజాక్షి.

డాక్టరు నవ్వి, "అమ్మా, మీరొచ్చి ఈ కుర్చీలో కూర్చోండి" అంది. మూడో వరస దగ్గరే వనజాక్షి చేయి గాలిలో ఆగిపోయింది.

"యా అల్లా!" అంది మస్తానాబీ. "ఈ కండ్లతోనా నువ్వు నా కన్ను కడిగింది? అయితే ఆ పెంటికలు మోతీవని ఎట్లా చూసినావు?"

"నువ్వే ఒప్పుకుంటివి గదా!"

"మంటలో మనిషి ఏమేమో అంటాది. దాన్నంతా పట్టుకుంటారా?"

ఫరీన్ ఇద్దరినీ బయటికి తోయాల్సి వచ్చింది.

అట్లా వనజాక్షికి అద్దాలు వచ్చాయి. ఏడో తరగతి చదువు ఇన్నేళ్ళూ ఆమె దగ్గర అట్లాగే పడి ఉంది, వాడే పని పడలేదు. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని సీసాల మీద రాసి ఉన్నదంతా చదవడం మొదలుపెట్టింది. ముందు తన ఇల్లు, తర్వాత మస్తానాబీ ఇల్లు, తర్వాత వీధి. ఏ ఇంట్లోనైనా తాగే నీళ్ళ సీసాలో ఫినాయిలో, కిరసనాయిలో, రంగులు కలిపే థిన్నరో కనిపిస్తే ఆ ఇంటివాళ్ళకు ఆ పూట అన్నం సహించేది కాదు. టీవీయస్ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు, బండి తాళంచెవి లాగి పెట్టుకుని, "దీంట్లో ఏముండాదో దీని మీద యాడ రాసినావు?" అని అడిగింది.

"యాసిడ్ అని అందరికీ తెల్సు గదక్కా."

"రెండేండ్ల పిల్లకు తెల్సా? గుక్కెడు తాగితే వాల్ల నాయనకు ఏం చెప్తావు?"

అతను అక్కడే కూర్చుని, తన దగ్గరున్న సీసాలన్నిటి మీదా కాగితం ముక్కలు అంటించి, ఎర్రటి గీతలు గీసి, తాళంచెవి తీసుకుని పోయాడు. తర్వాత నుంచి ఆ వీధికి రావడం మానేశాడని కొందరంటారు, కూల్‌డ్రింకు సీసాలు మానేశాడని కొందరంటారు.

ఎక్కువ అవస్థ పడినవాడు అంగడి శశికుమార్. బాత్రూము కడిగే మందు కొనడానికి వచ్చిన వనజాక్షి సీసాను వెలుతురుకు పట్టుకుని, ఏడు భాషల మధ్య నుంచి చీమ తలకాయంత తెలుగు అక్షరాలు ఏరుకుంటూ పైకి చదివేది. వెనక ఉప్పుకూ పప్పుకూ వచ్చినవాళ్ళు వరస కట్టేవాళ్ళు.

"'బ్లీచింగుతో గానీ వేరే మందులతో గానీ కలపరాదు.' విన్నారా? 'మింగితే వాంతి చేయించరాదు.' ఇదీ వినండి. మనోల్లు ఉప్పు నీళ్ళు పోసి కక్కిస్తారు గదా, అది చేయకూడదు. కాల్చుకుంటా దిగింది, మళ్ళా కాల్చుకుంటా ఎక్కుతాది. నోరు కడిగించి, సీసా చేత పట్టుకొని ఆసుపత్రికి పోవాల. ఫరీనా చెప్పింది."

"అక్కా, బేరం సూడల్లక్కా" అన్నాడు శశికుమార్.

"ఉండప్పా, ఇంకో వరస ఉండాది." అద్దాలు పైకి జరుపుకుంది. "'కండ్లలో పడితే పుష్కలంగా నీళ్ళతో కడగండి.'"

ఆగింది. మళ్ళీ ఒకసారి చదువుకుంది. సీసాను అటూ ఇటూ తిప్పి, దాన్ని చేసిన ఊరి పేరు కోసం వెతికింది.

"పుష్కలంగానంట!" అంది వెనక ఉన్నవాళ్ళ వైపు తిరిగి. "ఈ రాసినాయప్ప యాడోడో గానీ, మన పక్కోడు మాత్రం కాదు."

అని, సీసాను సంచిలో వేసుకోబోయి ఆగి, ఆ మాట పక్కన 'ఇరవై నిమిషాలు' అని రాయడానికి పెన్ను ఒకటి ఇమ్మని శశికుమార్‌ను అడిగింది.